అడిగి చేసే మనిషి

ఆస్పత్రక్క పోయిందని గిద్దలూరు నుంచి కార్డు వచ్చింది. ఆమె అన్న కొడుకు రాసినాడు. జ్వరం వచ్చి నాలుగు రోజులు పడుకున్నదట, ఆదివారం పొద్దున పోయిందట, మీకు కబురు చెయ్యమని ఆమే చెప్పిందట. అంతే రాసినాడు. కార్డు పట్టుకొని వాకిట్లో నిలబడినాను. ఏడుపు రాలేదు. మొదట గుర్తుకొచ్చింది ఆమె ముఖం కూడా కాదు, ఆమె చేతులు.

కడుపు మీద చెయ్యి పెట్టబోయే ముందు రెండు అరచేతులూ గట్టిగా రుద్దుకునేది. రుద్దుకొని తన బుగ్గలకే ఆనించి చూసుకునేది, చల్లగా ఉన్నాయేమోనని. అప్పుడు అడిగేది, "చెయ్యి పెట్టనా?" అని. మొదటిసారి విన్నప్పుడు ఎగతాళి చేస్తుందేమో అనుకున్నాను. మా ఇండ్లలో కోడలి కడుపు అందరి సొత్తు. అత్త తడిమేది, ఆడబిడ్డ తడిమేది, వీధిలో పోయే ముసలమ్మ కూడా ఆగి నొక్కి చూసి ఆడపిల్లో మగపిల్లోడో చెప్పి పోయేది. పెట్టనా అని అడిగినవాళ్ళు లేరు. నేను తల ఊపేదాకా ఆ చేతులు గాలిలోనే ఉండేవి.

ఆమెకు పేరుంది, బైబిల్లోని మంచి పేరు. కొండకింద ఊళ్ళలో ఎవరూ ఆ పేరుతో పిలవలేదు కాబట్టి నేనూ రాయను. మార్కాపురం ధర్మాసుపత్రిలో పురుళ్ళు చూసే పని ఆమెది. సన్నటి మనిషి. తెల్లచీర, భుజానికి కాన్వాసు సంచి, కాళ్ళకు మగవాళ్ళ చెప్పులు. ముండ్లదారిలో ఆడవాళ్ళ చెప్పులు నాలుగు రోజులు కూడా ఆగవని చెప్పేది. పలకల గనుల దగ్గర పారేసిన విరిగిన పలక ముక్కలు ఏరుకొని రెండు మూడు ఎప్పుడూ సంచిలో వేసుకునేది. కడుపులో బిడ్డ ఎట్ల ఉంటుందో దానిమీద బలపంతో గీసి చూపించేది. బొమ్మ ఏమంత బాగుండేది కాదు. బిడ్డ తల గుమ్మడికాయంత వచ్చేది. చూసినవాళ్ళు నవ్వితే తనూ నవ్వి, చీర కొంగుతో తుడిచి మళ్ళీ గీసేది.

ఆమె నోట ఎక్కువగా వచ్చే మాట "నాకు తెలియదు." మా మామకు ఆ మాట వింటే ఒళ్ళు మండేది. "ఇదేం ఆస్పత్రమ్మ, అడిగినదానికల్లా తెలియదంటుంది. మన ఊరి తాయెత్తుల ఆయన ఒక్కనాడన్నా తెలియదన్నాడా?" అనేవాడు. నిజమే, ఆయన ఎప్పుడూ అనలేదు.

ఇది తెల్లదొరల రాజ్యం నాటి సంగతి. నన్నిచ్చింది పెద్దారవీడు దాటి, నల్లమల అంచున ఉన్న పల్లెలో. గొర్రెల మంద, కాస్త జొన్నచేను ఉన్న ఇల్లు. పదిహేడో ఏట మొదటి కొడుకు పుట్టినాడు. ఊరి మంత్రసాని అవ్వ పురుడు పోసింది. బిడ్డ బాగుండె, బాగా ఏడ్చేవాడు. ఆరోనాడు పొద్దున రొమ్ము నోట్లో పెడితే పట్టుకోలేకపోయినాడు. ఏడోనాటికి దవడలు బిగుసుకుపోయినాయి. ఎవరు తాకినా, చిన్న చప్పుడైనా ఒళ్ళంతా విల్లులాగా వంగేది. ఎనిమిదోనాడు పోయినాడు. గాలి సోకిందన్నారు. దిష్టి అన్నారు. ఏడవొద్దన్నారు. గడ్డకట్టిన పాలు తగ్గాలని మా అత్త నా ఛాతీ చుట్టూ గుడ్డ బిగించి కట్టింది. ఆ గుడ్డ విప్పినాక ఆ బిడ్డ మాట ఇంట్లో ఇంక ఎవరూ ఎత్తలేదు.

మళ్ళీ నెల తప్పినప్పుడు నాకు సంతోషం కలగలేదు. పుట్టేది పుడుతుంది, ఏడోనాడు వస్తుంది. నా లెక్క అంతవరకే పోయేది.

ఐదో నెలలో ఆస్పత్రక్క వచ్చింది. ఊరి బయట క్రైస్తవుల వాడలో ఒక బాలింతను చూడ్డానికి వచ్చి, అక్కడెవరో చెబితే మా ఇంటికొచ్చింది. మా అత్త వాకిట్లో గింజలు చెరుగుతుండె. ఆ కాలంలో ఆమెలాంటివాళ్ళను అరుగు దాటి లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు. ఆమె కూడా అరుగు దగ్గరే ఆగింది.

"ఏం పని మీద వచ్చినావు?" అనింది అత్త, చేట ఆపకుండానే.

"మీ కోడల్ని చూసిపోదామని, పెద్దమ్మా."

"దానికేం, బాగానే ఉంది."

"బాగుంటే మంచిదే. ఆమెతో రెండు మాటలు మాట్లాడి పోతాను."

నేను స్తంభానికి ఆనుకొని నిలబడి ఉన్నాను. ఆమె అరుగు కింద మెట్టు మీద కూర్చొని నా వైపు తలెత్తి చూసింది. అదొక అలవాటు ఆమెకు, ఎప్పుడూ కడుపుతో ఉన్నదాని కంటే కిందుగానే కూర్చునేది. "మొదటి బిడ్డ ఎట్ల పోయినాడమ్మా?" అని అడిగింది.

ఏడాదిన్నరలో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆమె. చెప్పినాను. దవడల సంగతి చెప్పేటప్పుడు నా పండ్లు నేనే బిగబట్టుకున్నాను. అంతా విని, "బొడ్డు దేనితో కోసినారు?" అనింది.

"కొడవలితో."

"దాని మీద ఏం పెట్టినారు?"

"పేడ కాల్చిన బూడిద."

ఆమె మెల్లగా చెప్పింది. మట్టిలో, పేడలో కంటికి కనిపించని విషముంటుందనీ, పచ్చి బొడ్డు దారిన అది లోపలికి పోతుందనీ, ఆరో నాడో ఏడో నాడో దవడలు పట్టేది దానివల్లేననీ. చేట చప్పుడు ఆగింది. ఆ కొడవలి కడిగి ఇచ్చింది మా అత్త. బూడిద అద్దింది కూడా ఆమే.

"అంటే మేమే చంపుకున్నామా అక్కా?" అన్నాను.

"తెలియక జరిగింది. మీ ఇంట్లోనే కాదు, చాలా ఇండ్లలో జరుగుతుంది. తెలిసి కూడా నేను చెప్పకుండా పోతే, అది నా తప్పవుతుంది."

అత్త లేచి చేట నేల మీద పెట్టింది. "నా చేతులతో నా మనవణ్ణి చంపినానని చెప్పడానికి ఇంత దూరం నడిచి వచ్చినావా?" అని లోపలికి పోయింది. ఆస్పత్రక్క ఆమె పోయిన వైపే చూస్తూ ఉండిపోయింది. పోయేటప్పుడు నాతో, "ఆమెతో ఇంకోరకంగా చెప్పాల్సింది. ఎట్లనో నాకు తెలియలేదు," అనింది.

ఇంక రాదనుకున్నాను. పదిహేను రోజులకు మళ్ళీ వచ్చింది. నేరుగా మా ఇంటికి రాలేదు, మంత్రసాని అవ్వ గుడిసెకు పోయింది. అవ్వను తిట్టడానికి పోయిందేమోనని నేను భయపడినాను. అవ్వ తరువాత చెప్పి నవ్వింది. తల్లికి నడుము ఎట్ల పట్టాలో, కాన్పు ఆలస్యమైతే ఎట్ల కూర్చోబెట్టాలో అవ్వ దగ్గర అడిగి నేర్చుకున్నదట. అంతా నేర్చుకున్నాక, "నేను చెప్పేది కూడా ఒకటి వింటావా?" అని అడిగిందట. బ్లేడు, దారం ఎసట్లో వేసి ఉడికించాలి, బొడ్డు మీద ఏమీ పెట్టకూడదు, అంతే చెప్పిందట. అవ్వ ఒప్పుకున్నది. "అరవై ఏండ్లలో నా దగ్గర కూర్చొని నేర్చుకున్న ఆస్పత్రిమనిషి ఈమె ఒకతే," అనేది.

ఎనిమిదో నెల నడిమికి వచ్చినప్పుడు ఆమె చేతులు రుద్దుకొని, అడిగి, నా కడుపు మీద పెట్టింది. ఎప్పుడూ మాట్లాడుతూ చూసేది, ఆ రోజు మాట ఆపింది. పక్కలు తడిమింది. సంచిలోనుంచి చెక్క గొట్టం తీసి చెవి ఆనించి చాలాసేపు విన్నది.

"బిడ్డ బాగుంది. కానీ అడ్డంగా ఉంది," అనింది.

ఇంట్లో అందరూ చేరినారు. మామ, అత్త, గుంజకు ఆనుకొని మా ఆయన. మామ గొంతు సవరించుకొని, "ఏం చెయ్యమంటావో చెప్పమ్మా," అన్నాడు.

"ఆమెకు చెప్తాను నాయనా. మీరూ వినండి. ఆమె ఏమంటుందో చూద్దాం."

నేను భయపడినాను. ఆ ఇంట్లో పొద్దుటిపూట ఏం కూర వండాలో కూడా నన్ను ఎవరూ అడగలేదు. ఆమె పలక ముక్క తీసి గీసింది. బిడ్డ గడపకు అడ్డంగా పడుకున్నట్లుంది. ఇట్లే ఉంటే కాన్పు కాదు, తల్లీ బిడ్డా ఇద్దరూ పోవచ్చు అనింది. ఆ మాట దాచలేదు. నెల టైముంది, తనంతట తానే తిరగొచ్చు, చాలామంది బిడ్డలు తిరుగుతారు. లేదంటే పైనుంచి చేతులతో మెల్లగా తిప్పి చూడొచ్చు, ఆస్పత్రి డాక్టరు గారు పక్కన ఉండాలి, ఒక్కోసారి తిరుగుతుంది, ఒక్కోసారి తిరిగి మళ్ళీ మొదటికొస్తుంది, ఎప్పుడో ఒకసారి బిడ్డకు కష్టమూ కావచ్చు. రెండూ కాకపోతే రైలు మీద మిషన్ ఆస్పత్రికి పోవాలి, అక్కడి డాక్టరమ్మ కడుపు కోసి తీస్తుంది.

"కోస్తే బతుకుతానా?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఎక్కువమంది బతుకుతారు. అందరూ కాదు."

"ఇక్కడే ఉంటే తిరుగుతుందా?"

"నాకు తెలియదు."

మామ విసుక్కొని బయటికి చూసినాడు. నేను మాత్రం ఆ మాటను పట్టుకున్నాను. తెలిసింది తెలిసినట్లు, తెలియంది తెలియనట్లు చెప్పే మనిషి మీద ఎంత బరువైనా ఆనుకోవచ్చని అప్పుడు అనిపించింది.

"నువ్వైతే ఏం చేస్తావక్కా?"

"నేనైతే ఇప్పుడే మార్కాపురం వచ్చి ఉంటాను. అయితే నేను నువ్వు కాను. నాకు అత్త లేదు, ఊరిలో మాట అనేవాళ్ళు లేరు. నువ్వు ఆలోచించుకొని చెప్పు. ఇవాళే చెప్పాల్సిన పనిలేదు."

ఆమె పోయినాక రెండు రోజులు ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు. మా అత్త తోడికోడలు చాలా ఏండ్ల కిందట ఏదో పట్నం ఆస్పత్రికి పోయి తిరిగి రాలేదు. అత్త ఇప్పుడు ఆ సంగతి ఎత్తలేదు, కానీ కొట్టంలో ఒంటరిగా కూర్చోవడం చూసి ఆమె దాన్నే తలుచుకుంటున్నదని నాకు అర్థమైంది. మూడోనాడు మా ఆయన గొర్రెలు తోలుకొని బయలుదేరుతుంటే ఎదురు పోయి, "నేను మార్కాపురం పోతాను," అన్నాను. ఆయన కొంచెంసేపు నా కాళ్ళ వైపు చూసి, "బండి కడతాను," అన్నాడు. బయలుదేరే రోజు చూస్తే బండిలో అత్త కుండలు, అత్త పొయ్యి రాళ్ళు కూడా ఉన్నాయి.

మార్కాపురంలో పలకలు చెక్కేవాళ్ళ వీధిలో ఒక గదిలో దిగినాము. పొద్దంతా పలకల చప్పుడు, వీధంతా బూడిదరంగు పొడి. డాక్టరు గారు పక్కన నిలబడితే ఆస్పత్రక్క రెండు చేతులతో నా కడుపు పట్టుకొని, పిండి ముద్దను కదిపినంత నిదానంగా తిప్పింది. ప్రతి నాలుగు నిమిషాలకూ ఆపి, గొట్టంతో విని, "ఇంకా చెయ్యనా?" అనేది. బిడ్డ తల కిందికి వచ్చింది. మర్నాడు పొద్దున చూస్తే మళ్ళీ అడ్డంగా ఉంది. వారం ఆగి ఇంకోసారి తిప్పింది. రెండు రోజులు నిలిచి మళ్ళీ తిరిగిపోయింది. ఆ రెండు రోజులూ నేను పక్కకు ఒత్తిగిలి పడుకోవడానికి కూడా భయపడినాను.

"మూడోసారి నేను చెయ్యను. చెయ్యాలని ఉన్నా చేతులు రావడం లేదు," అనింది. ఆమె ముఖం పీక్కుపోయి ఉంది. రైలుకు పోదామని నేనే అన్నాను. ఆమె రెండు రోజులు సెలవు పెట్టి మాతో బయలుదేరింది.

మార్కాపురం రోడ్డు స్టేషనుకు బండి మీద చేరేసరికి పొద్దు రెండు బారలు ఎక్కింది. ప్లాట్‌ఫారం మీద కూర్చున్నానో లేదో నడుములోనుంచి మొదటి నొప్పి లేచింది. ఆస్పత్రక్క స్టేషను గోడ పక్కకు తీసుకుపోయింది. మా అత్త ఎవరూ చెప్పకుండానే మూటలోని తన పాత చీర తీసి రెండు చేతులతో అడ్డం పట్టుకొని నిలబడింది. ఆస్పత్రక్క చేతులు రుద్దుకొని, నా వైపు చూసి, నేను తల ఊపినాక కడుపు తడిమింది. తరువాత ఇంకోసారి తడిమింది.

"తల కిందికి వచ్చింది," అనింది. "తనంతట తానే తిరిగింది."

అప్పటికే రైలు కూత వినిపిస్తుండె. మా ఆయన టికెట్లు పట్టుకొని దూరంగా నిలబడినాడు.

ఆమె నా ముందు మోకాళ్ళ మీద కూర్చొని గబగబా చెప్పింది. "విను. నొప్పులు ఇంకా దూరం దూరంగా ఉన్నాయి, ఉమ్మనీరు పోలేదు. రైలెక్కితే చేరేదానికి మధ్యాహ్నం దాటుతుంది. అక్కడ డాక్టరమ్మ ఉంటుంది. వెనక్కి పోతే గంటన్నరలో మన ఆస్పత్రి. తల ఇట్లే ఉంటే నేను చాలు. మళ్ళీ తిరిగితే నేను చాలను. తిరుగుతుందా అంటే నాకు తెలియదు."

రైలు వచ్చి ఆగింది. జనం ఎక్కుతున్నారు. చీర పట్టుకున్న మా అత్త చేతులు కిందికి దిగినాయి. ఆమె, మా ఆయన, ఆస్పత్రక్క, ముగ్గురూ నా నోటి వైపే చూస్తున్నారు. తప్పు చెబితే ఎవరి మీదా వేసేదానికి లేదు. నొప్పి ఇంకోసారి వచ్చి పోయేదాకా కండ్లు మూసుకున్నాను.

"వెనక్కి పోదాం," అన్నాను.

"ఎందుకో చెప్తావా?"

"రైల్లో నొప్పులు ఎక్కువైతే అక్కడ నువ్వొక్కదానివే. మన ఆస్పత్రిలోనైతే నువ్వూ ఉంటావు, బల్లా ఉంది, వేడినీళ్ళూ ఉన్నాయి. మళ్ళీ తిరిగితే సాయంత్రం ఇంకో రైలుంది కదా."

"ఉంది," అనింది ఆమె. తన సంచిలోని తువ్వాలు మడిచి నా కడుపుకు ఒక పక్క, అత్త చీర మడిచి ఇంకో పక్క పెట్టి, బిడ్డ కదలకుండా చుట్టూ గుడ్డ కట్టింది. రైలు కదిలి పోయింది. ఆ పెట్టెలు ఒకటొకటే పోతుంటే నా ధైర్యం కూడా వాటితోపాటు పోతున్నట్లు, రైలును వెనక్కి పిలవాలన్నట్లు అనిపించింది. దారి పొడవునా బండి కుదిపినప్పుడల్లా ఆమె చెయ్యి కట్టు మీద ఆనేది. నేను ఆమె ముఖం చూసేదాన్ని. ఆమె తల ఊపేది.

దీపాలు పెట్టేవేళకు ఆస్పత్రిలో కూతురు పుట్టింది. బొడ్డు కోసే ముందు మా అత్త, "ఆ కత్తెర చూపించు," అనింది. ఆస్పత్రక్క గిన్నె మూత తీసి మరుగుతున్న నీళ్ళలో కత్తెర చూపించింది. అత్త వంగి ఆవిరిలోకి చూసింది. "ఇంకొంచెంసేపు ఉడకనీ," అనింది. ఆస్పత్రక్క సరేనని మూత పెట్టింది.

మరునాడు పాల దగ్గర పేచీ వచ్చింది. మొదటి మూడు రోజుల పాలు పిండి పారబొయ్యాలని మా అత్త, తాగించాలని ఆస్పత్రక్క. కొంచెంసేపు ఇద్దరూ బిగుసుకున్నారు. ఆస్పత్రక్క గొంతు తగ్గించి అడిగింది.

"పెద్దమ్మా, గొర్రె ఈనినాక జున్నుపాలు పిల్లను తాగనిస్తారా, పిండి పారబోస్తారా?"

"తాగనియ్యకపోతే పిల్ల లేచి నిలబడుతుందా?" అనింది అత్త. అని, ఆగిపోయింది. కాసేపటికి బిడ్డను తెచ్చి నా ఒడిలో పెట్టింది.

అన్నీ బాగానే జరిగినాయి. నాకు మాత్రం ఆ ఏడోనాడు దగ్గరపడుతున్నది. ఐదోనాటి నుంచి బిడ్డను కింద పెట్టలేదు. పడుకున్న బిడ్డ దవడ కింద వేలు పెట్టి కదిపి చూసేదాన్ని. పాలు తాగుతుంటే పెదవుల పట్టు సడలిందేమో చూసేదాన్ని. వీధిలో పలక పగిలిన చప్పుడైతే బిడ్డ ఒళ్ళు వంగిందేమోనని వీపు తడిమేదాన్ని. ఆరోనాడు పాలిస్తూ, "అక్కా, దీన్ని ఎవరికైనా ఇచ్చేస్తాను, నేను చూడలేను," అన్నాను. ఆ మాటకు అత్త నోరు నొక్కుకున్నది. ఆస్పత్రక్క తప్పన్నట్లు చూడలేదు. "రేపు వస్తాను," అనింది.

ఏడోనాడు పొద్దున్నే వచ్చింది. సంచి పక్కన పెట్టి నా మంచం దగ్గర నేల మీద చాప పరిచి కూర్చుంది.

"ఏమీ కాదని చెప్పక్కా," అన్నాను.

"కాదనే అనుకుంటున్నాను. అన్నీ ఉడికించినాము, బొడ్డు ఎండి శుభ్రంగా ఉంది. కానీ ఒట్టు పెట్టలేను. కూర్చుంటాను."

కూర్చుంది. పొద్దంతా కూర్చుంది. అత్త ముందర ఉన్న చింతపండు తీసుకొని ఈనెలు తీస్తూ కూర్చుంది. ఆమె తాకిన చింతపండు వండుకోవచ్చునా అన్న అనుమానం అత్త ముఖంలో ఒక్క క్షణం వచ్చి పోయింది. ఆమె మాటల్లో మాటగా, "పెద్దమ్మా, నీకు ఎంతమంది?" అని అడిగింది.

అత్త వేళ్ళు ముడిచింది. తొమ్మిది దాకా వచ్చింది. బతికినవాళ్ళు నలుగురు. మిగిలిన ఐదు వేళ్ళు ముడిచే ఉంచి, "ఇద్దరికి దవడలే," అనింది. నాకు ఆ సంగతి అంతవరకు తెలియదు. ఆస్పత్రక్క చింతపండు పక్కన పెట్టి అత్త వైపు జరిగి కూర్చుంది. అత్త దూరం జరగలేదు. పొద్దు గూకింది. పిల్ల నిండుగా పాలు తాగి, నోరంతా తెరిచి పెద్దగా ఆవలించింది. ఎర్రటి అంగిలి దాకా కనిపించింది. నేను అప్పుడు ఏడ్చినాను, మొదటి బిడ్డకు కూడా కలిపి.

మూడేండ్లకు మళ్ళీ కడుపుతో ఉన్నప్పుడు ఆస్పత్రక్కకు ఒక మాట చెప్పాల్సి వచ్చింది. చెప్పడానికి వారం రోజులు తటపటాయించినాను. "ఈసారి ఇంట్లోనే కంటానక్కా. అవ్వ చేతుల మీద. బిడ్డ తిన్నగా ఉంది, పోయినసారి సులువుగానే అయింది, అవ్వకు అన్నీ తెలుసు. పిల్లను విడిచిపెట్టి రాలేను. నువ్వు కూడా రావొద్దు. నువ్వొస్తే అవ్వ చేతులు వెనక్కి పోతాయి."

ఆమె ముఖం మారింది. ఇష్టం లేదని తెలుస్తూనే ఉంది. ఒకటొకటిగా అడిగింది. రక్తం ఆగకపోతే ఏం చేస్తావు? బండి సిద్ధంగా ఉంచుతారా? నొప్పులు ఒక పగలు దాటితే ఎవరు బయలుదేరతారు? అన్నింటికీ జవాబులు ఆలోచించుకొనే ఉన్నాను. చెప్పినాను. ఆమె చాలాసేపు పలక ముక్కను తిప్పుతూ ఉండి, "సరే. నీ మాటే," అనింది.

ఆ కాన్పు పగటిపూటే తేలిగ్గా అయిపోయింది. కొడుకు. ఆస్పత్రక్క పది రోజుల దాకా రాలేదు. నా మీద కోపం వచ్చిందేమో, ఆమెను వద్దన్నందుకు నొచ్చుకున్నదేమో అని లోపల పీకుతూ ఉండేది. వచ్చినప్పుడు మామూలుగానే మాట్లాడింది, బిడ్డను ఎత్తుకున్నది. నేను అడగలేదు. ఆ తరువాత ఆమెకు గిద్దలూరు బదిలీ అయింది. ఎప్పుడో ఒకసారి కార్డు రాసుకునేవాళ్ళం. ఆ పది రోజుల సంగతి మాత్రం నాలో ముల్లులాగా ఉండిపోయింది.

కార్డు వచ్చిన రోజు సాయంత్రం అత్తకు చెప్పినాను. ఇప్పుడు ఆమెకు చూపు తగ్గింది, చెవి మాత్రం బాగానే ఉంది. విని, నా వైపు తిరిగి కూర్చుంది.

"నీకొక మాట చెప్పలేదు," అనింది. "చెప్పొద్దని నా చేత మాట తీసుకున్నది. ఇంక ఆమె లేదు కదా."

"ఏందత్తా?"

"నీ కొడుకు పుట్టిన పొద్దు ఆమె మన దొడ్లోనే ఉండె. నొప్పుల సంగతి ఎవరు చెప్పినారో ఏమో, తెల్లారేసరికి నడిచొచ్చింది. గడ్డివామి వెనక కూర్చున్నది, సంచి ఒళ్ళో పెట్టుకొని. నువ్వు అరిచినప్పుడల్లా లేచి నిలబడేది. మళ్ళీ కూర్చునేది. లోపలికి పోరాదా అంటే, రావొద్దని చెప్పింది పెద్దమ్మా, పోకూడదు అనింది. మరెందుకు వచ్చినావే అంటే, ఆమె మాట ఆమెది, నా భయం నాది అనింది. బిడ్డ ఏడుపు విని, మాయ పడిందని నేను పోయి చెప్పినాక, గడ్డి దులుపుకొని లేచింది. ఆ ఎండలోనే నడిచి వెళ్ళిపోయింది."

అత్త గోడ పట్టుకొని మెల్లగా లేచింది. ఎక్కడికి అన్నాను.

"నీళ్ళు తోడు. తలమీద పోసుకుంటాను," అనింది. మా ఇండ్లలో చావు కబురు విని తలమీద నీళ్ళు పోసుకునేది అయినవాళ్ళు పోతేనే. నేను పోయి బావిలోకి చేద వదిలినాను.